హాజరు పట్టీకి అందని నష్టం

మే నెల వస్తే మనకు వేసవి సెలవులు. కోర్టులకూ సెలవులే. బేతంచెర్ల, బనగానపల్లె నాపరాళ్ళ గనుల్లో కూలికి, ఉమ్మడి కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి గనుల్లో కార్మికునికి, మన వీధి చివర ఇల్లు కట్టే బేల్దారికి మాత్రం సెలవు లేదు. వానొస్తే గుంతల్లో నీళ్ళు నిలుస్తాయి కాబట్టి రాతిపనికి ఎండాకాలమే అదను.

ప్రకృతి పనిని రెండు విధాల ఆపుతుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి పొంగి కర్నూలును ముంచినప్పుడు, పనికి ఎందుకు రాలేదని ఎవరినీ అడగనక్కరలేదు. నష్టం అందరి కళ్ళకూ కనబడింది. ఎండ అలా కాదు. అది ఒక్కొక్కరినే పడగొడుతుంది. అందుకే "వాడికి ఒళ్ళు వంగదు" అన్న మాటతో సరిపెట్టేస్తాం.

అసలు ఒంట్లో జరిగేదేమిటి? మన శరీరపు వేడి సుమారు 37 డిగ్రీలు. బయటి గాలి అంతకు మించి కాగినప్పుడు ఒళ్ళు చల్లబడడానికి చెమట ఆరడం ఒక్కటే దారి. చర్మం వైపు రక్తం ఎక్కువగా పారాలి. అదే సమయంలో సమ్మెట ఎత్తే కండరాలకూ రక్తం కావాలి. గుండె రెండింటికీ చాకిరీ చేయాలి. చెమటతో నీళ్ళూ ఉప్పూ పోతాయి. తల తిరుగుతుంది, పిక్కలు పట్టేస్తాయి, చెయ్యి తప్పుతుంది. పైగా ఎండకు ఒళ్ళు అలవాటు పడడానికి వారం, రెండు వారాలు పడుతుంది. జబ్బుపడి కొన్నాళ్ళు ఆగి వచ్చినవాడు మొదటిరోజే మునుపటంత పని చేయబోతే మళ్ళీ పడిపోయే ప్రమాదముంది.

ఇక కూలి సంగతి. నెలజీతగాడు ఒకపూట సెలవు చీటీ రాసిస్తాడు. దినకూలి రాకపోతే ఆ రోజు పొయ్యి వెలగదు. అందుకని వస్తాడు. పట్టీలో హాజరు పడుతుంది. కానీ గుత్తపనివాడు పది బండలు తీసేచోట ఆరే తీస్తాడు, కూలీ ఆరింటికే. అంటే మనిషి హాజరు, కూలి గైరుహాజరు!

2019లో అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కగట్టింది ఈ నష్టాన్నే. 1995లో వేడివల్ల మన దేశం పోగొట్టుకున్న పనిగంటలు 4.3 శాతం. 2030 నాటికది 5.8 శాతం, అంటే 3 కోట్ల 40 లక్షల పూర్తికాలపు ఉద్యోగాలకు సమానం కావచ్చునని అంచనా.

తెల్లవారుజామునే పని మొదలుపెట్టి పదకొండుకు ఆపడం మన పల్లెలకు తెలిసిన ఉపాయమే. నీడ, నీళ్ళు, విరామం కూడా కావాలి. అయితే పనిగంటలు తగ్గించి కూలీ తగ్గిస్తే కార్మికుడు మళ్ళీ మిట్టమధ్యాహ్నమే సమ్మెట పట్టుకుంటాడు. ఉపాధి హామీ పనుల్లో వేసవి భత్యం ఇచ్చిన సంవత్సరాలున్నాయి. ఎండలో చేసిన తక్కువ పనికీ పూర్తి కూలి దక్కాలన్నదే దాని భావం. గనులకూ, ఇళ్ళ కట్టడాలకూ ఆ న్యాయం ఎందుకు వర్తించకూడదు? రేపు ఇంజనీర్లుగా, అధికారులుగా హాజరు పట్టీలపై సంతకం పెట్టబోయేది మనమే. ఆ రోజున ఈ ప్రశ్న గుర్తుంచుకుందాం.