కాక్రాపార్ లీకు: ఏది రహస్యం, ఏది హక్కు?

సూరత్‌కు తూర్పున, తాపీ నదికి దగ్గర్లో ఉన్న కాక్రాపార్ అణువిద్యుత్ కేంద్రంలో 2016 మార్చి 11న మొదటి యూనిట్ నుంచి భారజలం లీకైంది. రియాక్టర్ ఆగిపోయింది. ప్లాంటులో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. బయట రేడియేషన్ మామూలుగానే ఉందని అధికారులు చెప్పారు.

ఆ మాటను జనం సరిచూసుకునేదెలా? రియాక్టర్‌లో తిరిగిన భారజలంలో రేడియోధార్మిక ట్రిటియం ఉంటుంది. అణుకేంద్రాల వల్ల సామాన్య ప్రజలకు అందే రేడియేషన్ ఏడాదికి 1 మిల్లీసీవర్ట్ దాటకూడదన్నది మన నియమం. కొలతలు బయటపెడితే ఎవరైనా దానితో పోల్చుకోవచ్చు. కానీ అణుకేంద్రాల సమాచారం బయటికి రాకుండా ఆపే అధికారాన్ని అప్పట్లో అమల్లో ఉన్న 1962 అణుశక్తి చట్టంలోని 18వ సెక్షన్ కేంద్రానికి ఇచ్చింది.

బాంబు తయారీ, కాపలా ఏర్పాట్ల వివరాలు దాచడంలో అర్థం ఉంది. కాక్రాపార్ కరెంటు కేంద్రం. చుట్టుపక్కల గాలిలో, నీటిలో రేడియేషన్ ఎంతో చెబితే బాంబు రహస్యాలేవీ బయటపడవు. ఊళ్లవారికి మాత్రం ఆ అంకే భరోసా.