ఆరు గంటల వేళ

ఒరే చిన్నోడా, ఇలా వచ్చి అరుగు మీద కూర్చో. పొద్దున అడిగావే, "తాతయ్యా, మన తాపీమేస్త్రి మందు మానేసి ఎనిమిది నెలలైంది గదా, సాయంత్రం ఆరయ్యేసరికి ఎందుకలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతాడు?" అని. అతని ఒంట్లో ఇప్పుడు చుక్క మందు లేదురా. మెదడు మాత్రం ఆ వేళని మర్చిపోలేదు.

1990ల్లో వుల్‌ఫ్రామ్ షుల్ట్స్ అనే శాస్త్రవేత్త కోతులకి పళ్లరసం చుక్కలు పోస్తూ, వాటి మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని విడుదల చేసే కణాల్ని గమనించాడు. మొదట్లో రసం నాలిక మీద పడగానే ఆ కణాలు ఉలిక్కిపడేవి. రసానికి ముందు ఒక దీపం వెలుగుతుందని కోతి నేర్చుకున్నాక, దీపం చూసే ఉలిక్కిపడటం మొదలుపెట్టాయి. దీపం వెలిగీ రసం రాకపోతే, సరిగ్గా అది రావాల్సిన క్షణానికి ఎప్పుడూ ఉండే చురుకు కూడా తగ్గి నీరసపడేవి. మన మేస్త్రికి ఆరు గంటలే ఆ దీపం. పని దిగి కాళ్లూ చేతులూ కడుక్కోవడం, జేబులో కూలి డబ్బులు, సందు చివర వేయించిన పల్లీల వాసన, అన్నీ దీపాలే. దాన్ని బుద్ధి లేకపోవడం అనకు. ఇరవై ఏళ్లు వల్లెవేసిన పాఠం అది.

మానిన తొలి రోజుల సంగతి వేరు. రోజూ బాగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్స్ రావచ్చు, కొందరికి మతి తప్పి ప్రాణం మీదకి వస్తుంది. అందుకే అది ఇంట్లో గొళ్లెం పెట్టి చేయించే పని కాదు, డాక్టరు దగ్గర జరగాలి. ఆ గండం గడిచి ఇంటికొచ్చాక ఇంకో కష్టం. మందుతో పాటు సాయంత్రాలూ పోతాయి, కూడా కూర్చునేవాళ్లూ పోతారు. ఇంట్లోవాళ్లు భయంకొద్దీ చేతికి పైసా ఇవ్వరు, ఏ పనీ చెప్పరు, కాపలా కాస్తారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదేరా. తనతో ఎవరికీ పని లేదనిపిస్తే, ఆ మనిషి ఎవరి కోసం మానాలి?

1935 మే నెలలో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్లో, మన మేస్త్రిలాగే మందు మానేసిన బిల్ విల్సన్‌కి సరిగ్గా ఇలాంటి సాయంత్రమే ఎదురైంది. మానేసి అయిదు నెలలు. ఆ ఊరికి వచ్చిన వ్యాపారం పని చెడింది. హోటల్లో ఒక పక్క బారు సందడి, ఇంకో పక్క చర్చీల జాబితా, టెలిఫోను. ఫోనెత్తి, ఈ ఊళ్లో నాలాగే తాగుడుతో అవస్థపడే మనిషి ఎవరైనా ఉంటే చెప్పండి, అతనితో మాట్లాడాలి అని అడిగాడు. అలా మర్నాడు బాబ్ స్మిత్ అనే సర్జన్ దగ్గరికి చేరాడు. పావుగంటే కూర్చుంటానన్న డాక్టరు రాత్రి పదకొండు దాటినా లేవలేదు. బిల్ అతనికి నీతులు చెప్పలేదు, తన పాట్లు చెప్పుకున్నాడు. సాయం అవసరమైంది తనకే! డాక్టరు ఆ తర్వాత ఒకసారి జారాడు గానీ, జూన్ 10న తాగిందే ఆఖరు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కలిసి కూర్చునే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం పుట్టినరోజు కూడా అదే.

2020లో 27 అధ్యయనాల్ని, పదివేల పైచిలుకు మందిని కలిపి చూశారు. మనుషుల్ని ఆ సంఘం సభలకి అలవాటు చేసే చికిత్స, పూర్తిగా మానేసి ఉండే విషయంలో మిగతా పద్ధతులకంటే మెరుగ్గా పనిచేసిందని తేలింది. అందరికీ అదొక్కటే చాలదు. కొందరికి మాత్రలు కావాలి, కుంగుబాటు ఉంటే దానికి విడిగా వైద్యం కావాలి. దిగులు మరీ ముంచేస్తే 14416కి ఫోన్ చేయొచ్చు, అది ప్రభుత్వం నడిపే టెలి మానస్.

సరే, లే. మన అరుగు బీటలు చూశావుగా? రేపు సరిగ్గా ఆరింటికి రమ్మని మేస్త్రితో చెప్పాను. ఇసుక జల్లించడం నీకు నేర్పమని కూడా అడిగాను. జల్లెడ వెతికిపెట్టు, ఇక్కడ పెద్ద లైటు వేసి ఉంచు. మీ నానమ్మని టీ కొంచెం ఎక్కువ పెట్టమను.