కోరుట్ల నుంచి రెండు రోజులు

మా తమ్ముడు దుబాయి నుంచి నెల రోజుల సెలవు మీద వచ్చాడు. ఒక పెళ్లి, బ్యాంకు పని, అమ్మను ఆసుపత్రికి తిప్పడం... ఇరవై ఆరు రోజులు ఎటుపోయాయో తెలియదు. తొమ్మిదో తరగతి చదివే వాడి బిడ్డ ఓ సాయంత్రం అడిగింది: ‘‘బాపూ, మా సోషల్ సారు కోటిలింగాల గురించి చెప్పిండు. మన జిల్లానేనట గద?’’ వాడు నా దిక్కు చూశాడు. ‘‘నేనెన్నడు పోలే అన్నా. కొండగట్టు, ధర్మపురి తప్ప నాకేం ఎర్కలేదు’’ అన్నాడు.

అట్లా కాగితం, పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

మనవాళ్లకు ఒక అలవాటుంది. తెల్లారకముందే కారు మాట్లాడుకుని కొండగట్టు, ధర్మపురి, వేములవాడ ఒక్కరోజులో చుట్టేస్తారు. ఇంటికొచ్చాక గుర్తుండేది క్యూలైన్లే. అందుకే నా షరతు ఒకటే: ఒక రోజు గోదావరి దిక్కు, ఇంకో రోజు మానేరు దిక్కు. చలికాలమైతే హాయి. ఎండాకాలం వస్తే రాళ్లు కాలుతాయి గానీ, జగిత్యాల పక్కన చల్‌గల్ మార్కెట్‌లో మామిడి రాసులు చూడొచ్చు. ఏ కాలమని ఎంచుకోవడానికి గల్ఫ్ సెలవు మన చేతిలో ఉంటదా!

మొదటి రోజు పొద్దున్నే జగిత్యాల కోట. చుట్టూ కందకం, లోపల నక్షత్రం ఆకారంలో రాతి గోడలు. 1747 ప్రాంతంలో ఇబ్రహీం ఖాన్ ధంసా కాలంలో కట్టారని, ఫ్రెంచి ఇంజినీర్లు నమూనా గీశారని చెబుతారు. గంట చాలు.

అక్కణ్నుంచి ధర్మపురి. ఇక్కడ గోదావరి దక్షిణంగా పారుతుంది. నరసింహస్వామి గుడి ఆవరణలోనే యమధర్మరాజుకూ గుడి ఉంది. నరసింహ శతకం రాసిన శేషప్ప కవిది ఈ ఊరే. దర్శనం అయ్యాక మెట్ల మీద కూర్చోండి, తొందరేం లేదు.

మధ్యాహ్నం వెల్గటూరు మీదుగా కోటిలింగాల. ముందే చెబుతున్నా, కోట ఉంటుందనుకుని పోతే నిరాశే. గోదావరిలో పెద్దవాగు కలిసే చోట ఒక శివాలయం, చుట్టూ నీళ్లు. శాతవాహనుల తొలిరాజు సిముకుడి నాణేలు దొరికింది ఇక్కడే. అంతకు ముందటి గోబద, నారన, కంవాయ, సమగోపల నాణేలూ దొరికాయి. తవ్వకాల్లో ఇటుక గోడలు, బావులు బయటపడ్డాయి. ఆ పాత ఊరి దిబ్బలో చాలా భాగం ఇప్పుడు ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ల కింద ఉంది. ‘‘మల్ల చూసుడెట్ల పెద్దబాపూ?’’ అంది పిల్ల. నా దగ్గర జవాబు లేదు. మా తమ్ముడే మోకాళ్ల మీద కూర్చుని ఒడ్డు మట్టిలో పెంకు ముక్క ఒకటి తీసి చూపించి, మళ్లీ అక్కడే పెట్టాడు. అరగంట అనుకున్నది చీకటి పడేదాకా అయింది.

రెండో రోజు కొండగట్టు. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ఎవరూ మాట్లాడలేదు. 2018 సెప్టెంబరు 11న ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా పోయింది ఈ కొండ మీదే. పగటి పూటే వెళ్లండి, డ్రైవర్‌ను తొందరపెట్టకండి.

తర్వాత గంగాధర దగ్గర కురిక్యాల. పొరుగున కరీంనగర్ జిల్లా అయినా, ఇది వదలొద్దు. బొమ్మలమ్మ గుట్ట బండ మీద జైన తీర్థంకరులు, చక్రేశ్వరి బొమ్మలు. వాటి కింద పదో శతాబ్దంలో జినవల్లభుడు వేయించిన శాసనం. సంస్కృతం, కన్నడంతో పాటు తెలుగులో మూడు కంద పద్యాలు! నన్నయకు దాదాపు వందేళ్ల ముందటి సంగతి. ఈ జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపనికి తమ్ముడు. పంపడు ఉన్నది వేములవాడ చాళుక్యుల కొలువులో. కాబట్టి గుట్ట చూసి వేములవాడ పోతే ఆ ఊరే వేరుగా కనిపిస్తుంది. ఎండ ముదరకముందే ఎక్కాలి, నీళ్ల సీసా మరవొద్దు.

వేములవాడలో కోడెను కట్టే మొక్కు చూశాం. రాజన్న గుడి ఆవరణలోనే దర్గా ఉందంటే మా పిల్ల నమ్మలేదు, దగ్గరికి తీసుకెళ్లి చూపించాను.

చివర సిరిసిల్ల. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు ఊరు ఇది. ఇప్పుడు మాత్రం గల్లీలో అడుగుపెట్టగానే వినిపించేది మరమగ్గాల చప్పుడు. అడిగి ఒక షెడ్డులోకి వెళ్లాం. నడిపే ఆయన పదేళ్లు భివండీలో ఉండి వచ్చాడట. ‘‘నువ్వెక్కడుంటవ్ తమ్మీ?’’ అని అడిగాడు. ‘‘దుబాయిల’’. ఆయన మగ్గం ఆపి చాయ్ తెప్పించాడు. ఇద్దరూ రూము కిరాయి ఎంత, ఒక్క గదిల ఎంతమంది పండుకుంటరు, ఇంటికి ఎన్నొద్దులకోసారి ఫోన్ అని మాట్లాడుకుంటూనే ఉన్నారు. చీకటి పడింది. దాంతో నర్మాల ఎగువ మానేరు కట్ట మీద పొద్దుగూకుడు చూడాలన్న నా ప్లాన్ పోయింది.

తిరిగి వస్తుంటే కారులో మా పిల్ల ఆ కాగితం తీసుకుని, కొట్టేసిన నర్మాల కింద ‘వచ్చే సెలవు’ అని రాసింది. మా తమ్ముడికి ఎల్లుండి రాత్రి శంషాబాద్‌లో ఫ్లైటు.