మీకు తెలుసా? సాగర్‌లో డ్రోన్ ముప్పు గోడకు కాదు, గేట్లకు!

నందికొండ దగ్గర కృష్ణకు అడ్డంగా కట్టిన నాగార్జునసాగర్ రాతి ఆనకట్ట ఎత్తు సుమారు 124 మీటర్లు. ఇంతటి గోడను చిన్న డ్రోన్ కూల్చలేదు. 1943 మే 16 రాత్రి జర్మనీలోని మోనే రాతి ఆనకట్టను బద్దలుకొట్టడానికి బ్రిటన్ నాలుగు టన్నులకు పైగా బరువున్న బాంబులు వాడాల్సి వచ్చింది. అవి నీటిపై ఎగిరెగిరి వెళ్లి, గోడను ఆనుకుని మునిగి, నీటి లోపల పేలేలా తయారైనవి. చుట్టూ ఉన్న నీరే పేలుడు దెబ్బను రాతిలోకి నెట్టింది. ఆ వరదలో వెయ్యి మందికి పైగా చనిపోయారు.

మరి సాగర్‌కు గగనతల రక్షణ దేనికని అడగవచ్చు. 2024 మార్చి 22న ఉక్రెయిన్‌లోని ద్నిప్రో జలవిద్యుత్ కేంద్రంపై రష్యా క్షిపణులు పడ్డాయి. ఆనకట్ట నిలిచింది, కరెంటు ఉత్పత్తి ఆగింది. అంటే అసలు ముప్పు 26 క్రెస్ట్ గేట్లకు, వాటిని ఎత్తే యంత్రాలకు, టర్బైన్లకు, ట్రాన్స్‌ఫార్మర్లకు. వాటిని దెబ్బతీయడం డ్రోన్ల గుంపుకు సాధ్యమే. హైదరాబాద్‌లో తయారయ్యే ఆకాశ్ క్షిపణి ఉందిగా అనవచ్చు. కానీ చవక డ్రోన్ల మీద ఖరీదైన క్షిపణులు ఖర్చుచేస్తే నిల్వలే కరిగిపోతాయి. డ్రోన్లను ఆపడానికి జామర్లు, విమాన విధ్వంసక తుపాకులు కావాలి.

ఆయుధాలతో పాటు ఒప్పందమూ అవసరమే. ఆనకట్టలపై దాడులను కట్టడిచేసే 1977 జెనీవా ప్రొటోకాల్‌లో భారత్, పాకిస్తాన్ చేరలేదు. రెండు దేశాల 1988 ఒప్పందం అణుకేంద్రాలనే కాపాడుతుంది. యుద్ధంలో ఒప్పందాలు నిలుస్తాయా అని సందేహించేవారు ఒకటి గమనించాలి: 1999 కార్గిల్ యుద్ధం తర్వాత కూడా ఆ ఒప్పందం ప్రకారం రెండు దేశాల అణుకేంద్రాల జాబితాలు ఏటా చేతులు మారాయి. ఆ రక్షణను ఆనకట్టలకూ విస్తరించాలి.