ఎం.ఎస్. ఉన్నవారి కాళ్లకు విశ్రాంతి ఎంత? పని ఎంత?

"కోడల్ని మంచం దిగనివ్వడం లేదు సిస్టర్. గ్లాసుడు మంచినీళ్లయినా మేమే చేతికి అందిస్తున్నాం." ఓ.పి.కి వచ్చిన ఒక అత్తగారు ఎంతో ప్రేమగా చెప్పిన మాట ఇది. కోడలికి ముప్పై ఏళ్లు. మల్టిపుల్ స్క్లిరోసిస్ అని తేలి ఎనిమిది నెలలయింది. జబ్బు బయటపడిన రోజున గోడ పట్టుకుని నడిచిన మనిషి, ఇప్పుడు కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి. జబ్బు ముదిరిపోయిందని ఇంటిల్లిపాదికీ భయం. డాక్టరుగారు పరీక్ష చేసి, కొత్తగా తీయించిన ఎం.ఆర్.ఐ. కూడా చూసి, మెదడులో గాని వెన్నుపాములో గాని కొత్త మచ్చలు లేవన్నారు. మరి కాళ్లు ఎందుకు అలా సన్నబడ్డాయి?

మెదడు, వెన్నుపాములలోని నరాల పోగులకు మైలిన్ అనే తొడుగు ఉంటుంది. కరెంటు వైరుకు పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే అనుకోండి. రోగాల నుంచి మనల్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ పొరబడి ఈ తొడుగు మీదే దాడి చేయడం ఎం.ఎస్. జబ్బు. తొడుగు దెబ్బతిన్నచోట మెదడు పంపిన కబురు నెమ్మదిస్తుంది, లేదా ఆగిపోతుంది. ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య మొదలవుతుంది. మగవారికన్నా ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఇది అంటుకునేది కాదు. "నరాల బలహీనత" అని పేరుపెట్టి వీధి చివర వేసే బలం ఇంజక్షన్లతో తగ్గేది అంతకన్నా కాదు.

బలహీనత రెండు రకాలు

ఈ జబ్బులో కాళ్లకు వచ్చే బలహీనతలో రెండు పాళ్లు కలిసి ఉంటాయి. ఒకటి నరానిది. కండ బాగానే ఉంటుంది గాని దానికి కబురు సరిగా అందదు. రెండోది కండది. పని లేక కండ కరిగిపోతుంది. కాలు విరిగి పిండికట్టు వేసుకున్నవారిని కట్టు విప్పిన రోజు చూసే ఉంటారు. ఏ నరాల జబ్బూ లేకపోయినా ఆ కాలు రెండో కాలికన్నా సన్నగా ఉంటుంది. నరం వల్ల పోయిన బలాన్ని వ్యాయామం పూర్తిగా తిరిగి తేలేదు. వాడకపోవడం వల్ల పోయిన బలాన్ని మాత్రం చాలావరకు తేగలదు. పైకి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి ఇంట్లోవాళ్లు మొత్తం జబ్బు ఖాతాలోనే రాసేస్తారు.

ఇందులో ఇంట్లోవాళ్లనే అనడానికి లేదు. 1990 ప్రాంతంలో నేను నర్సింగ్ డిప్లమా చదివేటప్పుడు మాకూ అదే నేర్పారు. అలసిపోనివ్వకండి, ఒళ్లు వేడెక్కనివ్వకండి, విశ్రాంతి ఇవ్వండి అని. వార్డులో ఉన్న ఒక టీచరుగారికి నేనే చెప్పాను, "మేడమ్, ఇక మీరు మెట్లు ఎక్కవద్దు" అని. ఆమె ఆ మాట తు.చ. తప్పకుండా పాటించారు. రెండేళ్ల తర్వాత చక్రాల కుర్చీలో వచ్చారు. అందులో జబ్బు వాటా ఎంతో, నా సలహా వాటా ఎంతో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ పాత సలహాకు ఒక కారణం ఉంది. శరీరం వేడెక్కితే దెబ్బతిన్న నరంలో కబురు ఇంకా నెమ్మదిస్తుంది. నడిచి వచ్చాక చూపు మసకబారడాన్ని 1890లోనే ఊట్‌హోఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు గమనించి రాశారు. దాంతో శ్రమపడితే జబ్బు పెరుగుతుందని చాలామంది నమ్మారు. కాని అది తాత్కాలికం. ఒళ్లు చల్లబడగానే చూపు, కాళ్లు మునుపటిలా అవుతాయి. నరానికి కొత్తగా జరిగే నష్టం ఏమీ ఉండదు.

జిమ్మీ హ్యూగా అనే అమెరికన్ 1964 ఇన్స్‌బ్రక్ ఒలింపిక్స్‌లో మంచు మీద స్కీయింగ్ పోటీలో కాంస్య పతకం గెలిచాడు. 1970లో ఆయనకు ఎం.ఎస్. అని తేలింది. శ్రమ చేయవద్దన్నారు డాక్టర్లు. కొన్నేళ్లు విన్నాడు. మనిషి రోజురోజుకూ నీరసించిపోవడం చూసుకుని, తనకు తానే మెల్లగా వ్యాయామం మొదలుపెట్టాడు. 1984లో ఇలాంటివారి కోసమే కొలరాడోలో ఒక కేంద్రం స్థాపించాడు. జబ్బు ఆగిందని కాదు, కాని 2010లో చనిపోయేదాకా నలభై ఏళ్లు దానితో బతికాడు. తర్వాత పరిశోధనలూ వచ్చాయి. 1996లో యూటా విశ్వవిద్యాలయం వారు 54 మందిని తీసుకుని, కొందరిచేత 15 వారాలపాటు వారానికి మూడుసార్లు చేతులతోను కాళ్లతోను తొక్కే సైకిలు చేయించారు. చేసినవారికి సత్తువ పెరిగింది. జబ్బు ముదరలేదు. 2009లో డెన్మార్క్‌లో వారానికి రెండుసార్లు చొప్పున 12 వారాలు కాళ్లకు బరువులతో వ్యాయామం చేయిస్తే, కుర్చీలోంచి లేవడం, మెట్లెక్కడం మెరుగయ్యాయి. స్వల్పంగా, మధ్యరకంగా ఇబ్బంది ఉన్నవారు వారానికి రెండు రోజులు అరగంట చొప్పున కాస్త ఆయాసం వచ్చే వ్యాయామం, మరో రెండుసార్లు కండరాల బలానికి వ్యాయామం చేయాలని 2013లో కెనడా నిపుణులు ప్రకటించారు.

ఇంట్లో ఎలా?

ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించుకోండి. ఏ కండ బలహీనమో, ఏది బిగుసుకుందో తేల్చాలి. అన్నిటికన్నా పనికొచ్చేది కుర్చీ వ్యాయామం. చేతులున్న కుర్చీని జారకుండా గోడకు ఆనించి వేసి, మెల్లగా లేచి మెల్లగా కూర్చోవాలి. మొదట ఐదుసార్లు చాలు. రెండు నిమిషాలు ఆగి మరో ఐదు. తేలికయ్యాక చేతుల సాయం తగ్గించాలి. వంటగట్టు పట్టుకుని మడమలు పైకెత్తడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము లేపడం కూడా మంచివే. కాస్త బలం వచ్చాక అరకిలో ఇసుక సంచి చీలమండకు కట్టుకుని, కూర్చుని కాలు చాపవచ్చు. మరునాటికి కూడా అలసట తీరకపోతే ఎక్కువ చేశారని గుర్తు. తగ్గించండి, మానేయకండి.

మన ఎండల్లో వేళ ముఖ్యం. మే నెలలో అయితే తెల్లవారుజామునే, ఫ్యాను కింద, పక్కన చల్లని నీళ్లు, మెడకు తడితువ్వాలు ఉండాలి. వేణ్ణీళ్ల స్నానం చేసిన వెంటనే నడవకండి, బాత్రూములో పడిపోయేది ఎక్కువగా అప్పుడే. మూత్రం ఆపుకోలేమని నీళ్లు తాగడం మానేసేవారూ ఉన్నారు. దానివల్ల మూత్రంలో ఇన్ఫెక్షన్, జ్వరం వచ్చి కాళ్లు ఇంకా లొంగిపోతాయి.

కాళ్లు కర్రల్లా బిగుసుకునేవారికి రోజూ పిక్కలు, తొడ వెనక కండరాలు సాగదీయాలి, ఒక్కొక్కటి అరనిమిషం. డాక్టరుగారు బాక్లోఫెన్ మాత్ర రాయవచ్చు. ఇక్కడ ఒక మెలిక ఉంది. కొందరు ఆ బిగువు ఆసరాతోనే నిలబడుతుంటారు. మాత్ర ఎక్కువైతే కాళ్లు మెత్తబడి కూలబడతారు. అందుకే మోతాదు మెల్లగా పెంచుతారు. దాన్ని హఠాత్తుగా ఆపడమూ ప్రమాదమే. నడక వేగం కోసం ఫాంప్రిడిన్ అనే మందు ఉంది. సుమారు మూడోవంతు మందికే పనిచేస్తుంది. ఫిట్స్ ఉన్నవారు, కిడ్నీ జబ్బున్నవారు వాడకూడదు. జబ్బును అదుపుచేసే అసలు మందులకు వ్యాయామం బదులు కాదు.

పాదం జారి నేలకు రాసుకుంటుంటే హవాయి చెప్పులు మానేసి వెనక పట్టీ ఉన్నవి వేసుకోండి. పాదాన్ని లేపి ఉంచే ప్లాస్టిక్ చట్టం కూడా దొరుకుతుంది. చేతికర్ర పట్టుకోవడానికి సిగ్గుపడేవారిని చాలామందిని చూశాను. తుంటి విరిగి వచ్చాక ఆ సిగ్గు ఎక్కడికి పోతుందో!

ఇక ఆ కోడలు. ఫిజియోథెరపీ మొదలై మూడు నెలలయింది. కుర్చీ చేతులు పట్టుకుని తానే లేస్తోంది. గుమ్మం దాకా చేతికర్రతో వెళుతోంది. ఎడమ పాదం మాత్రం ఇంకా జారుతూనే ఉంది, అది నరానిది. కూరలు తరగడం, బట్టలు మడతపెట్టడం ఆమెకే వదిలేశారట.

ఒక్కరోజుకు మించి కొత్త బలహీనత, తిమ్మిరి, చూపు మందగించడం ఉంటే, లేదా జ్వరం వస్తే, వ్యాయామం ఆపి వెంటనే డాక్టరుకు చూపించండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బు పేరు కూడా ఉంది. సర్టిఫికెట్ కోసం దరఖాస్తు చేసుకునేటప్పుడు ఎం.ఆర్.ఐ. రిపోర్టు, డిశ్చార్జి కాగితాలు దగ్గర పెట్టుకోండి. ఫిజియోథెరపీకి వచ్చేటప్పుడు ఇంట్లో రోజూ వేసుకునే చెప్పులతోనే రండి. అరిగిన చోటు చూస్తే మీ నడక మాకు సగం తెలిసిపోతుంది.