నియోజకవర్గపు గీత, ప్రాతినిధ్యమనే మాట

మన విమర్శలో 'ప్రాతినిధ్యం' అన్న మాట విరివిగా వాడతాం. ఫలానా పాత్ర ఫలానా వర్గానికి ప్రాతినిధ్యం వహిస్తుందంటాం, లేదని తగాదా పడతాం. అదే మాటకు శాసనసభలో ఉన్న అర్థాన్ని మాత్రం పట్టించుకోం. మన కథల్లో నియోజకవర్గమంటే ఎమ్మెల్యే కారు, జెండాలు, డబ్బు పంపకం. ఆ గీత ఎవరు గీశారు, ఏ లెక్కన గీశారు అన్న ప్రశ్న కథకుడికీ రాదు, విమర్శకుడికీ రాదు.

నేను పాఠం చెప్పే క్రోసూరునే తీసుకుంటాను. పాత సత్తెనపల్లి తాలూకా ఊరు. శాసనసభకు పెదకూరపాడు నియోజకవర్గం. 2008 పునర్విభజన ఉత్తర్వు ప్రకారం బెల్లంకొండ, అచ్చంపేట, క్రోసూరు, అమరావతి, పెదకూరపాడు మండలాలు కలిపితే ఆ నియోజకవర్గం. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు రాగా గుంటూరు జిల్లా నుంచి పల్నాడు జిల్లాలోకి వచ్చాం. పలనాటి వీరుల కథ గురజాలది, మాచర్లది, కారెంపూడిది. ఇప్పుడు ఆ పేరు మాకూ దక్కింది. రేపు ఎవరైనా 'పల్నాడు కథలు' అని సంకలనం వేస్తే మా వాళ్లూ అందులో చేరతారు. కచేరీ గీసిన గీత సాహిత్య ప్రాంతమైపోవడం ఇలాగే!

అసలు సంగతి ఇంకా లోతైనది. ఓటు ఒకే రోజు వేస్తాం గాని దాని వెనకున్న లెక్కలు ఒక కాలానివి కావు. శాసనసభలో సీట్లెన్ని అన్నది 1971 జనగణన నాటి లెక్క. 1976లో, ఎమర్జెన్సీ రోజుల్లో, 42వ రాజ్యాంగ సవరణ దాన్ని స్తంభింపజేసింది. 84వ సవరణ ఆ గడువును 2026 తర్వాతి తొలి జనగణన దాకా పొడిగించింది. జనాభాను అదుపు చేసిన రాష్ట్రాలు నష్టపోకూడదన్నది చెప్పిన కారణం. అది కొట్టిపారేయదగింది కాదు. ఇక హద్దులూ రిజర్వేషన్లూ 2001 జనగణనవి. జిల్లా 2022ది. 2024లో ఓటేసిన మా ఊరి కూలీ ఇన్ని కాలాల మీద నిలబడి ఓటేశాడు.

స్తంభన అందరికీ ఒకేలా తగల్లేదు. 1976 ఉత్తర్వు కింద ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 294 స్థానాల్లో షెడ్యూల్డు కులాలకు 39, తెగలకు 15. 2001 లెక్కలు తీసుకోగానే అవి 48, 19 అయ్యాయి. జనాభాలో వారి వాటా పెరుగుతూ వచ్చినా, 1978 నుంచి 2004 దాకా ఏడు శాసనసభ ఎన్నికలు పాత లెక్క మీదే నడిచాయి. మా పాత జిల్లాలో ప్రత్తిపాడు 2008లో రిజర్వుడు అయింది. అదే ఉత్తర్వుతో దుగ్గిరాల, కూచినపూడి నియోజకవర్గాలు మాయమై, 19 స్థానాల గుంటూరు జిల్లాకు 17 మిగిలాయి. ఎమ్మెల్యేలు, ఎంపీలు కొందరు కమిషన్‌లో అనుబంధ సభ్యులే గాని వారికి ఓటు లేదు. ఉత్తర్వు వెలువడ్డాక శాసనసభ దిద్దలేదు, కోర్టు ప్రశ్నించలేదు. ఇంతటి అధికారమున్న ఈ పాఠ్యాన్ని మనం, పాఠ్యవిమర్శకులం, ఎన్నడైనా చదివామా?

రిజర్వుడు స్థానమంటే మాత్రం ఏమిటి? 1932 పూనా ఒడంబడిక నుంచి వచ్చిన పద్ధతి: అభ్యర్థి దళితుడు, ఓటర్లు అందరూ. ఎవరి మెప్పు పొందితే గెలుస్తాడో అతనికి తెలుసు. ఇక్కడే మన సాహిత్యపు ప్రాతినిధ్యం గుర్తొస్తుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' 1922లో వెలువడింది. రాసింది బ్రాహ్మణుడు, చదివిందీ అత్యధికంగా పై కులాలవారే. మాలపల్లి తరఫున మాట్లాడిన గొంతు నిజాయితీగలదే. అయినా దాన్ని ఎన్నుకున్నది మాలపల్లి కాదు. ఉన్నవ పుట్టిన వేములూరిపాడు ఇప్పుడు తాడికొండ రిజర్వుడు నియోజకవర్గంలో ఉంది. అక్కడ సంగదాసు నేడు నామినేషను వేయగలడు. టిక్కెట్టు ఎవరివ్వాలి, ఖర్చు ఎవరు పెట్టాలి, పేట బయటి ఓట్లు ఎవరు వేయించాలి అన్నవి అతని చేతిలో లేవు. ఆ కథ ఇంకా ఎవరూ సరిగా రాయలేదనే నా ఫిర్యాదు.