ఆదివాసీ విద్యా నాయకత్వం – విశ్వవిద్యాలయ పాలనా సహకారం

1. ఉపోద్ఘాతం:

విశ్వవిద్యాలయంలో ఏ భాషను బోధించాలి, ఏ జ్ఞానాన్ని పాఠ్యాంశంగా స్వీకరించాలి అనే నిర్ణయాలలో ఆదివాసీ పండితులకు అధికారం ఉండటమే ఆదివాసీ విద్యా నాయకత్వం. పదవి లభించినంత మాత్రాన ఆ నిర్ణయాలు అమలు కావు. పోస్టుల మంజూరు, నిధుల విడుదల, పాఠ్యప్రణాళిక ఆమోదం తోడు కావాలి. నాయకత్వానికీ పాలనా సహకారానికీ ఉన్న ఈ సంబంధాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. రాంచీ అనుభవం:

ఈ సంబంధానికి రాంచీ విశ్వవిద్యాలయం చక్కని నిదర్శనం. బిర్సా ముండా ఉద్యమ చరిత్రకారుడు, ఐ.ఎ.ఎస్. అధికారి అయిన కుమార్ సురేశ్ సింగ్ అక్కడ ఉపకులపతిగా ఉన్నప్పుడు ఆదివాసీ, ప్రాంతీయ భాషల శాఖకు పూనుకున్నారు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న రాందయాళ్ ముండాను అందుకోసం ఆహ్వానించారు. ముండారీ, సంతాలీ, హో, ఖడియా, కుడుఖ్ అనే ఐదు ఆదివాసీ భాషలు, మరో నాలుగు ప్రాంతీయ భాషలు ఆ శాఖలో బోధనాంశాలయ్యాయి. వీటిలో కుడుఖ్ ద్రావిడ భాష. 1980లలోనే ముండా ఆ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. పాలన ముందుగా శాఖను నిలబెట్టడం వల్ల నాయకత్వానికి ఆధారం ఏర్పడిందని దీనివల్ల తెలుస్తుంది.

3. నియామకాల క్రమం:

యు.జి.సి. 2018 నిబంధనల ప్రకారం ఉపకులపతి పదవికి సాధారణంగా ఆచార్యులుగా పదేళ్ల అనుభవం ఉండాలి. అందువల్ల నాయకత్వ సమస్య సహాయాచార్యుల నియామకం దగ్గరే మొదలవుతుంది. కేంద్ర సంస్థలలో షెడ్యూల్డ్ తెగల రిజర్వేషన్ 7.5 శాతం. ఈ లెక్కన రోస్టర్‌లో వారికి తొలి స్థానం 14వది. శాఖను యూనిట్‌గా తీసుకుంటే ఐదారు పోస్టులున్న శాఖలో ఆ స్థానం ఎన్నేళ్లకు వస్తుందో చెప్పలేం. 2019 నాటి కేంద్ర చట్టం విశ్వవిద్యాలయం మొత్తాన్ని ఒకే యూనిట్‌గా నిర్ణయించి ఈ అవరోధాన్ని తొలగించింది. విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఈ చట్టం పరిధిలోకే వస్తుంది. అయితే ఖాళీలను గుర్తించి, ప్రకటన ఇచ్చి, సకాలంలో భర్తీ చేసినప్పుడే ఆ చట్టం ఫలిస్తుంది. ఆ బాధ్యత రిజిస్ట్రార్ కార్యాలయానిది.

4. కుప్పం పరిసరాలు:

ద్రావిడ భాషా సంస్కృతుల అధ్యయనానికి 1997లో కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. చౌడేపల్లె, పుంగనూరు, మదనపల్లె పరిసరాల్లో యానాదులు, ఎరుకలు, సుగాలీలు నివసిస్తున్నారు. ఎరుకల కుర్రు ద్రావిడ భాష. సుగాలీల లంబాడీ ఇండో-ఆర్య భాష. ఈ భాషలపై పరిశోధన జరిగినప్పుడు అవి మాట్లాడే పెద్దలు సాధారణంగా సమాచారదాతలుగానే మిగిలిపోతారు. డిగ్రీ లేని విజ్ఞులను బోధనకు ఆహ్వానించడానికి యు.జి.సి. 2022లో ప్రకటించిన 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' విధానం కొంత వెసులుబాటు ఇచ్చింది. కాని గౌరవ వేతనం, ప్రయాణ ఖర్చుల బిల్లులు నెలల తరబడి నిలిచిపోతే ఆ పెద్దలు రెండోసారి రారు.

5. ముగింపు:

నార్వేలో 1989లో ఏర్పడిన సామీ ఉన్నత విద్యాసంస్థలో బోధనకే కాక పాలనకూ సామీ భాషను వాడుతున్నారు. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలు వెంటనే అంతదూరం వెళ్లలేకపోయినా, మూడు పనులు చేయవచ్చు: రోస్టర్ ఖాళీలను ఏటా ప్రకటించడం, ఆదివాసీ భాషాధ్యయనానికి ప్రత్యేక నిధిని కేటాయించి దాని వ్యయాధికారాన్ని శాఖాధిపతికి అప్పగించడం, పాఠ్యప్రణాళికా సంఘాలలో ఆయా భాషల పెద్దలకు స్థానం ఇవ్వడం. ఇవి జరిగితే కుర్రు మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన పరిశోధకుడు తన భాషకు పాఠ్యప్రణాళికను తానే రూపొందించగలుగుతాడు.